పాడకుండా వదిలిన చరణం

శ్రమకాలపు సిలువ పాటలు వింటే చాలామందికి కళ్లు చెమరుస్తాయి. నాకు నూనె వాసన తగులుతుంది. ఆ వాసన నాదే.

యుద్ధం రోజులు. అనకాపల్లిలో మా గుడి పాటల జట్టుకు నేను పెద్దను. మంచి శుక్రవారానికి ముందు వచ్చే శ్రమకాలపు వారాలలో సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి సిలువ పాటలు పాడి, ప్రార్థన చేసి రావడం మా ఆనవాయితీ. ఉపవాసం ఉండవలసిన రోజులవి. అయినా ఏ ఇల్లూ మమ్మల్ని ఉత్త కడుపుతో పంపేది కాదు. దానితో ఒక రోత అలవాటు పుట్టింది. బాగా పెట్టే ఇంట పాట చివరిదాకా సాగేది. మజ్జిగ గ్లాసుతో సరిపెట్టే ఇంట రెండు చరణాలకే ముగిసేది. ఈ సంగతి ఎవరం నోటితో అనుకోలేదు. రెండో చరణం చివర నేను తాళం గట్టిగా కొడితే చాలు, జట్టుకు అర్థమయ్యేది.

నాకు ముందు ఆ జట్టును నడిపినవాడు చెరుకు గానుగ దగ్గర కూలి. ఆ ఏడు చెరుకు గెడలు పెడుతూ ఉండగా అతని చెయ్యి మోచేతి దాకా గానుగ రోళ్ల మధ్య నలిగింది. ఆకు పసరుతో కట్టిన కట్టు కింద చీము పట్టింది. మేము వెళ్లేసరికి ఆ గుడిసెలో కంపుకు నిలబడలేకపోయాం. కట్టు మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. నేను కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అతను చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

"ఈ యేడు మంచి శుక్రవారానికి నాను గుడికి రాలేను బావా. పాట పూర్తిగా పాడండి. ఆ దొంగ సరణం ఇడిసెయ్యకండి."

మేము పాడే సిలువ పాటలో ఆఖరి చరణం అది. పక్క సిలువ మీద చావబోతున్న దొంగకు ప్రభువు నేడే నాతో పరదైసులో ఉంటావని మాట ఇవ్వడం అందులో ఉంటుంది.

"రాత్రుళ్లు బయ్యం ఏత్తంది బావా. అది ఇంటే కొంత నిమ్మళిత్తాది," అన్నాడు.

నాకు ఊపిరాడటం లేదు. "గొంతు పట్టేసింది బావా. రెండు సరణాలు పాడి ఎల్తాం," అన్నాను.

అతను నవ్వాడు. "నా సెయ్యి పోయింది, నీ గొంతు పోయింది. దేవుడు మన జట్టుని ఏరి పారేత్తన్నాడు."

రెండు చరణాలు పరుగున పాడి బయటపడ్డాం. వీధిలోకి రాగానే మా జట్టులో ఒకడు నా భుజం పొడిచాడు. "గుమాస్తాగారింట్లో పాకం గారెలంట మావా. నీ గొంతు సర్దుకుంటాదిలే." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గుమాస్తాగారి పెరటి తలుపు ఆ గుడిసె వైపే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే గొంతెత్తి పాడాను. ఒక పాట కాగానే ఆకులు వేశారు. తింటూనే సిలువ పాట అందుకున్నాం. మూడో చరణం నడుస్తుండగా పెరటి తలుపు తట్టిన చప్పుడైంది. లేచి తీశాను. గుడిసె నుంచి అతని భార్య.

"అన్నయ్యా, ఈ తలుపు కాత్త తీసి పాడమంతన్నాడు. అక్కడికి సరిగా ఇనపడట్లేదంట."

పట్టేసిన గొంతు ఎలా బాగుపడిందని ఆమె అడగలేదు. లోపలినుంచి గుమాస్తాగారి భార్య, "తినేటప్పుడు ఆ తలుపేటి? కంపంతా ఇంట్లోకి కొడతాది," అంది.

నా నోటి నిండా గారె ఉంది. అది మింగి, "గట్టిగా పాడతాంలే అమ్మా, నువ్వెల్లు," అని తలుపు వేశాను. గడియ మీద నా వేళ్ల నూనె మరక పడింది. వచ్చి కూర్చున్నాను. గట్టిగా పాడలేదు. ఆఖరి చరణం దాకా వచ్చేసరికి పాయసం వచ్చింది, పాట అక్కడే ఆగింది. దొంగ చరణం ఆ సాయంత్రం ఎవరూ పాడలేదు.

మంచి శుక్రవారం ఇంకా రాకముందే అతను పోయాడు. ఆఖరి రోజుల్లో ఏం వింటే భయం తగ్గిందో, అసలు తగ్గిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

సమాధి దగ్గర పాట మొత్తం పాడాను. దొంగ చరణం దగ్గర గొంతు వణికించాను. అక్కడ వణికిస్తే బాగుంటుందని నాకు తెలుసు. నలుగురూ కళ్లు తుడుచుకున్నారు. అతని భార్య మాత్రం మట్టి వైపే చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక గుమాస్తాగారు నా చెయ్యి పట్టుకుని, ఇంత బాగా ఎప్పుడూ పాడలేదన్నారు.

నేను తల వంచి, ఎంతో వినయంగా, అంతా ప్రభువు దయ అన్నాను.