చెయ్యెత్తేదాకా

మా బావను అందరూ చెవి మేస్త్రి అంటారు. ఎదురుగా మాత్రం మేస్త్రిగారే. మా అక్కకు ఆ పేరంటే ఒళ్ళుమంట. "పెళ్ళికి ముందే ఎవరైనా చెప్పుంటే ఆలోచించుకునేదాన్ని" అని నవ్వించేది. ఆ మాట అనడం మానేసి చాలాకాలమైంది.

ఆయన పని ఇది. కంపెనీవాళ్ళు టర్బో బిగించి, నూట నలభై హార్స్‌పవర్ దగ్గర ఆపి అమ్మిన కారును జనం మా షాపుకు తెచ్చి, రెండొందలు కావాలంటారు. ఎందుకని అడగకూడదు. ఆఫీసుకు వెళ్ళే దారిలో ఆరు సిగ్నళ్ళున్న మనిషికి రెండొందల గుర్రాలు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిచ్చివల్లే. పొగగొట్టం వెడల్పు చేస్తాం. టర్బో గాలిని చల్లబరిచే రేడియేటరు పెద్దది వేస్తాం. గాలి ఒత్తిడి పెంచుతాం. ఆ తర్వాత మిగిలేది నిప్పు. ప్లగ్గు కాస్త ముందుగా నిప్పు పెడితే బలం పెరుగుతుంది. మరీ ముందుగా పెడితే లోపల మంట తిరగబడి పిస్టను నెత్తిన కొడుతుంది. ఆ దెబ్బకు ఒక శబ్దముంది, రేకుడబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు, బాగా సన్నగా. అది వినబడగానే ఆపితే ఇంజను బతుకుతుంది, లేకపోతే పోతుంది.

అది వినడానికి బావ ఒక రాగి గొట్టం తయారు చేసుకున్నాడు. ఒక కొసను సుత్తితో చదును చేసి, చిల్లు పెట్టి, ఇంజనుకు బోల్టుతో బిగిస్తాడు. రెండో కొసకు రబ్బరు ట్యూబు, దాని చివర రెండు చెవులనూ మూసే డొప్పలు. కారును రోలర్ల మీదకు ఎక్కించి పట్టీలతో కట్టేస్తే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. నేను లోపల కూర్చుని, పక్క సీట్లో లాప్‌టాప్ పెట్టుకుని, నిప్పును ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ పోతాను. బావ డొప్పలు పెట్టుకుని, అద్దం దించిన కిటికీ ఎదురుగా నిలబడతాడు. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి గులకరాళ్ళు వినగానే చెయ్యెత్తుతాడు. నేను యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి రెండు డిగ్రీలు వెనక్కి లాగుతాను. బావ చెయ్యెత్తేదాకా ఆపకూడదు, ఆ డొప్పలు ఇంకొకరు పెట్టుకోకూడదు. మా షాపులో చట్టమంటే ఇదే.

"ఆ శబ్దానికి లాప్‌టాప్‌లో కూడా గీత ఎర్రబడుతుంది కదా బావా" అన్నాను కొత్తలో.

"ఎర్రబడుతుంది. సీటు కింద స్పానరు దొర్లినా ఎర్రబడుతుంది. దానికి అన్నీ ఒకటే" అన్నాడు.

అది నిజమే. ఆయన చెవి ముందు ఏ యంత్రమూ పనికొచ్చేది కాదు. పై అంతస్తులో ఎవరి కొళాయి కారుతున్నా లేచి వెళ్ళి తలుపు కొట్టేవాడు. షాపులో రేడియో పెట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లో అక్క కోపంగా గొణుక్కున్నా పక్కగదిలోంచి జవాబొచ్చేది. దాంతో ఆమె మనసులోనే తిట్టుకోవడం నేర్చుకుంది.

ఏడాదిన్నర క్రితం పళ్ళ డాక్టరు కారు వచ్చింది. నూట తొంభై గుర్రాలు దాటాం. గీత ఎర్రబడుతోంది, బావ చెయ్యి లేవలేదు. ఇంకో డిగ్రీ ఇచ్చాను. ఠప్పుమంది. వెనకనుంచి నీలం పొగ గది నిండా కమ్మేసింది. పిస్టను అంచు విరిగిపోయింది. డాక్టరు గోడ అవతలి బెంచీ మీంచి లేచి వచ్చాడు. బావ డొప్పలు తీసి ఆయనతో నెమ్మదిగా అన్నాడు.

"మావాడు ఒక డిగ్రీ తొందరపడ్డాడండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బావ అంతటివాడు అంటే నిజమే అయ్యుంటుంది, చెయ్యెత్తే ఉంటాడు, నేనే చూసి ఉండను అనుకున్నాను. ఇంకో ఇంజను వేసి ఇచ్చాం. "ఆ కుర్రాడు ముట్టుకోకపోతే బాగుండు" అన్నాడట డాక్టరు. నాకప్పటికి నలభై ఒకటి. ఆ తర్వాత ఆర్నెల్లు తిన్నది ఒంటబట్టలేదు. ప్రతి కారుకూ నా చేతిని నేనే అనుమానించాను.

ఒకరోజు బావ ఓకే చేసిన కారు ఇంకా రోలర్ల మీదే ఉంది. ఆయన బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చట్టం పక్కనపెట్టి, ఇంకో మెకానిక్కును యాక్సిలరేటరు తొక్కమని, డొప్పలు నేను పెట్టుకున్నాను. గులకరాళ్ళు. నాలాంటివాడికే స్పష్టంగా వినబడుతున్నాయి.

మొదట నాకు కలిగింది సంతోషం. తప్పు నాది కాదు. ఆ వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది. బావ పాతికేళ్ళు పొగగొట్టాల పక్కన నిలబడి సంపాదించిన చెవి ఆ హోరుకే పోయింది.

అక్కతో చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

"టీవీ అంత గట్టిగా అరుస్తుంటే నీకు తెలీలేదా? నాకెప్పుడో తెలుసు. ఆయనతో మాత్రం అనకురా. అంటే ఆ గొట్టం పారేసి మంచమెక్కుతారు. తర్వాత నా వల్ల కాదు."

అలా ఏడాదిపాటు బావను మోసం చేశాను. ఆయన చెయ్యెత్తగానే రెండుకు బదులు నాలుగు డిగ్రీలు వెనక్కి లాగేవాణ్ణి. ఇంజన్లు క్షేమం, గుర్రాలే తగ్గాయి. బావ అంకెలు చూసి బుర్ర గోక్కునేవాడు. "ఈమధ్య పెట్రోలు బాగుండట్లేదురా" అనేవాడు. అవునవును అనేవాణ్ణి. ఆయన చెయ్యి చాలాసార్లు సరైన చోటే లేచేది. కాస్తయినా మిగిలింది కదా అని ఊరట పడేవాణ్ణి. ఇంట్లో పెద్దాయనకు జబ్బు దాచినట్టు, అంత జాగ్రత్తగా దాచాను.

మొన్న మంగళవారం ఒక కారును కట్టాం. ఇంకా మొదలుపెట్టలేదు, ఇంజను ఊరికే వేడెక్కుతోంది. నాకు నెల్లాళ్ళుగా ఒక పన్ను సలుపుతోంది. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళే మొహం లేక ఓర్చుకుంటున్నాను. అది ఒక్కసారిగా పోటు పెట్టింది. మొహం చిట్లించాను.

బావ చెయ్యెత్తాడు.

నేను ఇంజను ఆపేశాను. అంత నెమ్మదిగా తిరిగే ఇంజనులో గులకరాళ్ళు రావని మా ఇద్దరికీ తెలుసు. ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండి, దిగింది. డొప్పలు తీసి, మూలనున్న టైరు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నీ మొహం చూసే ఎత్తుతున్నానురా. గీత ఎర్రబడితే నీ నుదురు ముడుచుకుంటుంది. నాకు అది చాలు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?" గట్టిగానే అడిగాను.

"డాక్టరు కారు పోయినప్పట్నుంచి."

"అంతకుముందు?"

"అలవాటు మీద ఎత్తేసేవాణ్ణి. ఏ ఇంజను ఎక్కడ కొడుతుందో ఓ అందాజు ఉంటుంది కదా." నేల మీది నూనె మరకను చెప్పుతో రుద్దుతూ అన్నాడు. "చెవులు పోయి మూడేళ్ళయిందిరా."

మూడేళ్ళు. డాక్టరు కారు పోయి ఏడాదిన్నర. అంటే ఆ రోజు డొప్పలు పెట్టుకుని, ఏమీ వినబడదని తెలిసే నిలబడ్డాడు. తెలిసే నా పేరు చెప్పాడు. ఆర్నెల్లు నేను తిండి సహించక తిరుగుతుంటే, ఎదురుగా కూర్చుని తన అన్నం తాను తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం అంతకంటే ఎక్కువొచ్చింది.

"మరి ఆ డాక్టరు ముందు నన్నెందుకు అన్నావు బావా?" అన్నాను. ఈసారి గొంతు పెంచలేదు.

బావకు వినబడలేదు. తలెత్తి నా మొహంలోకి వెతుకుతున్నట్టు చూశాడు.

"ఏంటీ?"

మళ్ళీ అడగాలంటే అరవాలి. పలచని చెక్క గోడకు అవతల బెంచీ మీద ఆ కారు తాలూకు మనిషి కూర్చున్నాడు, పక్కన ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ చెవి మేస్త్రి పేరు విని వచ్చినవాళ్ళు.

"ఏం లేదు బావా" అని ఆయనకు వినబడేలా అరిచాను.