తూకానికి ఎక్కిన తమ్ముడు

గేట్ బజారు కొట్లో తూకం కొక్కేనికి బస్తా వేలాడుతుంటే ఇప్పటికీ నా పిడికిళ్లు బిగుసుకుంటాయి.

చిన్నప్పుడు గిరిసోలలో మా అమ్మ ఆరోగ్య సమావేశాలు నడిపేది. పసిపిల్లల్ని తూచే రోజున ఒక్క తల్లీ ముందుకు రాలేదు. అమ్మ మా తమ్ముణ్ణే గుడ్డ ఉయ్యాల్లో వేసి కొక్కేనికి తగిలించింది.

“తూస్తే దిష్టి తగుల్తాదే!” నాయనమ్మ అడ్డుపడింది.

“పెద్దోణ్ణి తూయనేదు గదత్తా, ఆడు దక్కేడేటి?” అంది అమ్మ, పసితనంలోనే పోయిన మా అన్నను తలచి, అందరి ముందూ.

నాకు తెలిసి బజార్లో తూచిందల్లా అమ్మేస్తారు. పరుగెత్తి తమ్ముడి కాలు పట్టుకున్నాను.

“ఈణ్ణి ఎవులికీ ఇవ్వను!”

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ, నేను కాలు వదల్లేదు. అమ్మ తూకం ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు.

వాణ్ణి పోనివ్వనని ఆ రోజు మొండికేసింది నేనొక్కదాన్నే అని చాలా ఏళ్లు అనుకున్నాను.