నూనె డబ్బాలో పెట్రోలు

కార్బురేటర్ విప్పి బిగించడంలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరని ఇప్పటికీ గట్టిగానే చెప్తాను. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆదివారాలు ఆయనకు స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఇంట్లో స్కూటర్ మొరాయిస్తే మా ఆయన వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు, నేను కొంగు దోపుకుని విప్పేదాన్ని. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ, నాకేం సిగ్గు!

తెలంగాణ కోసం ఊరంతా పనులు ఆపి సమ్మెలో కూర్చున్న రోజులవి. బస్సులు తిరగక వారాలైంది. సరూర్‌నగర్‌లో మా ఇంటి మేడమీద గదిలో గుంటూరు జిల్లా అమ్మాయి ఒకతె కిరాయికి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునేది. ఆ ఆదివారం పొద్దున ఆమె పరీక్ష. సెంటరేమో అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఏదో కాలేజీలో పడింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి అవకాశం. అంత దూరం రామని ఆటోవాళ్లు చెప్పేశారు. హాల్‌టికెట్ చేతిలో పట్టుకుని ఏడుపుమొహంతో నిలబడితే నాకే పాపమనిపించింది.

"పరేషాన్ గాకు బిడ్డా. నా బండి మీద నేను దింపుతా."

మాటిచ్చాక నేను ఊరుకునే మనిషిని కాదు. బంకులు మూసేస్తారని పుకారు పుట్టగానే, శుక్రవారం మధ్యాహ్నం, ఖాళీగా ఉన్న ఐదు లీటర్ల వంటనూనె ప్లాస్టిక్ డబ్బా తీశాను. సబ్బుపెట్టి, వేడినీళ్లు పోసి జిడ్డంతా వదిలేదాకా కడిగి, పిట్టగోడ మీద కాసేపు బోర్లించాను. ఏది నింపినా కడిగి నింపడం మా ఇంటి పద్ధతి. బంకు దగ్గర గంటసేపు నిలబడి డబ్బా నింపించుకొచ్చి, సగం బండిలో పోశాను. సాయంత్రం ఆ పిల్ల జిరాక్సులు తీయించుకోవాలంటే బండి తాళాలు కూడా నేనే ఇచ్చాను.

శనివారం పొద్దున చూస్తే బండి మొండికేసింది. స్టార్టవుతుంది, కాసేపు బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తిప్పగానే దగ్గి ఆగిపోతుంది.

"ఏం జేసినవే బండికి? యాడన్న గుద్దినవా?"

"లేదాంటీ, మెల్లగానే నడిపాను. దారిలో రెండుసార్లు ఆగింది. ఆంటీ, ఆ డబ్బా..."

"డబ్బా గిబ్బా కాదు. గిది కార్బురేటర్ పని. నువ్వు పోయి సదువుకో."

ఎల్బీనగర్ దాకా ఒక్క మెకానిక్ షాపు తెరిచి లేదు. తెరిచి ఉన్నా నేను పోయేదాన్ని కాదనుకోండి. కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంకులోంచి పెట్రోలు వచ్చి అందులో నిలుస్తుంది. అక్కడి నుంచి ఇంజన్‌లోకి పోయేది జెట్ అనే ఇత్తడి ముక్కలోని సూదిబెజ్జమంత దారిలోంచి. నలుసు అడ్డం పడితే బండి ఇట్లాగే దగ్గుతుంది. గిన్నె విప్పి తుడిచాను, కరెంటు వైరులోంచి సన్నని రాగి పోగు లాగి జెట్‌లో పొడిచాను, నోటితో ఊదాను, బిగించాను. కిక్కు కొడితే కొత్తబండిలా పలికింది.

"సూసినవా!" అన్నాను మా ఆయనతో.

చెరువుకట్ట దాకా పోయి తిరిగి వస్తుంటే ఆగిపోయింది. నెట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఈసారి ప్లగ్గు మార్చాను, గాలి ఫిల్టరు దులిపాను, గిన్నె మళ్లీ విప్పి తుడిచాను. మళ్లీ బ్రహ్మాండంగా పలికింది. ఇండోర్ స్టేడియం దాకా పోయి మళ్లీ చచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, మైకు పెట్టిన ఊరేగింపు పక్కన బండి నెట్టుకుంటూ వస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది. "ఆంటీ, ఒక్కమాట చెప్పనా?" అంటూ లేచింది.

"ఏం జెప్తవ్? మీరు ముట్టిందేది సక్కగుంటది? మా నీళ్లు అయిపాయె, మా కొలువులు అయిపాయె, ఇగ నా బండి మీద పడ్డరా?"

మైకులో విన్నదంతా నా నోట్లోంచి ఆ పిల్ల మీద పడింది. ఆమె పుస్తకం మూసి పైకి వెళ్లిపోయింది.

మా ఆయన పేపరు దించాడు. "పొల్లను గంత మాటెందుకంటవ్?"

"నువ్వు పేపర్ సదువుకో."

మూడోసారి విప్పినప్పుడు, గిన్నెలోది కింద పారబోయకుండా చాయ్ గ్లాసులోకి వంచాను, నలుసేదైనా కనిపిస్తుందేమోనని. నలుసు లేదు. పెట్రోలు అడుగున నీళ్లు, గోలీల్లాగా దొర్లుతున్నాయి. గబగబా పోయి, సగం మిగిలిన డబ్బాను ఎండకెత్తి చూశాను. దాని అడుగున కూడా పలచగా నీళ్ల పొర. ఆ డబ్బా పిడి లోపల డొల్ల. బోర్లించినప్పుడు కడిగిన నీళ్లన్నీ ఆ పిడిలోకి దిగి నిలిచాయి, నిలబెట్టగానే కిందికి వచ్చాయి. నేను గిన్నె తుడిచిన ప్రతిసారీ ట్యాంకు మరికొన్ని నీళ్లు పంపింది. చేసిందంతా నా చేతులే.

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి పొడిబట్టతో తుడిచాను. పెట్రోలును తేరనిచ్చి, పైపైది మాత్రమే వంచి పోశాను. ఎల్బీనగర్ చౌరస్తా దాకా నాలుగుసార్లు పోయొచ్చాను. ఒక్క దగ్గు లేదు. మేడ మెట్లెక్కి తప్పు నాదని చెప్పాల్సింది. చెప్పలేదు, నా పొగరు అట్లాంటిది. కిందినుంచే అరిచాను. "రేపు ఆరింటికి తయారుండు!"

ఆదివారం హైవే మీద రాళ్లు అడ్డం పెట్టి కుర్రాళ్లు ఆపారు. "ఎవలమ్మా, ఏడికి?" అని ఆ పిల్లనే అడిగారు. నోరు తెరిస్తే ఆమెది ఏ ఊరో తెలిసిపోతుంది. నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకుంది.

"నా బిడ్డ. పరీక్షకు తోల్కపోతున్న. జర జరుగున్రి," అన్నాను. జరిగారు.

గేటు మూయడానికి ఇంకా ఇరవై నిమిషాలుండగా దింపాను. అప్పుడు చెప్పాను. "తప్పు నాదే బిడ్డా. నేను కడిగిన డబ్బాలనే నీళ్లున్నయి. నిన్ను ఉత్తగ అన్న."

"తెలుసాంటీ. శుక్రవారం బండి ఆగి ఆగి వచ్చాక డబ్బా చూశాను. అడుగున నీళ్లు కనిపించాయి."

"మరి గట్టిగ చెప్పకపోయినవా?"

ఆమె హాల్‌టికెట్ మడత విప్పుతూ తల వంచుకుంది. "చెబుదామనే వచ్చాను. మీరు ఆ మాట అన్నాక భయమేసింది. పరీక్ష ఎలాగూ పోతుంది, గది కూడా ఖాళీ చెయ్యమంటారేమో అనుకున్నాను."

నేను బండి దిగి స్టాండు వేసేలోపే ఆమె లోపలికి వెళ్లిపోయింది. పరీక్ష అయ్యేదాకా ఆ గేటు ముందే నిలబడ్డాను. ఆమె బయటికి రాగానే, పరీక్ష ఎట్లా రాసిందని అడగడం కన్నా ముందు, ఆ గది ఖాళీ చెయ్యక్కర్లేదని చెప్పాలని.