మూడో మలుపు దగ్గర ఎర్ర అగ్గిపెట్టె

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని మా ఇంట్లో అందరికంటే ముందు ఏడిపించేది నేనే. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ఖరగ్‌పూర్, ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టరు. సినిమావాళ్ళు షూటింగుకి వస్తే రోడ్లు చూపించడం, పర్మిషన్లు తేవడం నా పని. రెండేళ్ళ కిందట ఒక సినిమాలో కార్ల ఛేజింగు పెట్టారు. పారిపోయే ఎర్ర కారు నడిపే అవకాశం మా తమ్ముడు రవికి వచ్చింది. టాక్సీ తోలుకునేవాడికి సినిమాలో మొదటి ఛాన్సు. ఆ వారమంతా వాడి కాళ్ళు నేలమీద ఆనలేదు. వెనక తరిమే కారు ప్రేమ్ బజార్‌లో ఉండే బిశు దాదాది; దాదా అంటే బెంగాలీలో అన్న. స్కూలు వ్యాను నడుపుతాడు, నెమ్మదైన మనిషి.

మా ముందుగది నేలమీద సుద్దతో రోడ్డంతా గీశాను. పూరీ గేట్ వైపు వెళ్ళే దారి, నాలుగు మలుపులు. కార్లకి బదులు అగ్గిపెట్టెలు. రవి కారు తెలియడానికి ఒకదాని మీద ఎర్ర కాగితం అంటించాను. స్టంట్ మాస్టరు, డ్రైవర్లు ఆ బొమ్మ చుట్టూ కూర్చుని ఎవరెక్కడ తిరగాలో చూసుకునేవారు. వాళ్ళు వెళ్ళాక పెట్టెల్ని మొదటి గీత దగ్గర వరసగా పెట్టి గదికి తాళం వేసేదాన్ని.

ఒక పొద్దున తాళం తీస్తే ఎర్ర పెట్టె మూడో మలుపు దగ్గర బోర్లా పడి ఉంది. ఎలుక పని అనుకున్నాను. మర్నాడూ అలాగే, అక్కడే. మూడోరోజు బొమ్మ మీదా చుట్టూ ముగ్గుపిండి జల్లి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే పిండి మీద మనిషి అడుగు లేదు, ఎలుక అడుగు లేదు, పెట్టె జరిగిన గీత కూడా లేదు. పెట్టె మాత్రం మూడో మలుపు దగ్గరే ఉంది.

సైకిలేసుకుని ఆ మలుపుకి వెళ్ళాను. గుంట లేదు, ఇసక లేదు, నూనె మరక లేదు. రవికి చెబితే పగలబడి నవ్వాడు.

"అగ్గిపెట్టి బోర్లా పడితే నాను పడిపోతానేటక్కా? ఆ మలుపులో పదిసార్లు రిహార్సలు సేసినాను. నీకు మతి పోనాది!"

మతి పోయిందనే నేనూ అనుకున్నాను. అయినా షూటింగు రోజు పొద్దున్నే మాస్టరు దగ్గరికెళ్ళి, మావాడికి వారం నుంచి కళ్ళు తిరుగుతున్నాయని అబద్ధం చెప్పాను. అగ్గిపెట్టె సంగతి ఎత్తలేదు. నవ్వుతారని సిగ్గు. మాస్టరు వెంటనే రవిని దింపేసి, వెనక కారుకి ఇంకొకణ్ణి పెట్టి, ఎర్ర కారులో బిశు దాదాని కూర్చోబెట్టాడు.

"నా బతుకు పాడు సేసినావు," అని రవి వెళ్ళిపోయాడు.

ఎండ బాగా కాస్తోంది. నేను మూడో మలుపు దగ్గర తాడు పట్టుకుని జనాన్ని ఆపుతున్నాను. ఎర్ర కారు మొదటి మలుపు దాటింది, రెండోదీ దాటింది. కారు మూడో మలుపు సరిగ్గానే తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో దేనికో తగిలినట్టు పైకి లేచి, బోర్లా పడింది.

తర్వాత కారు విప్పి చూశారు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. తీసిన సీను ఆపి ఆపి చూశాం. చక్రాల ముందు ఏమీ లేదు. కారు ఎందుకు పడిందో, తాళం వేసిన గదిలో పెట్టెని ఎవరు కదిపారో నాకు ఈరోజుకీ తెలియదు. ఏమీ నమ్మని దాన్నైతే తమ్ముణ్ణి ఎందుకు దింపాను? దింపినదాన్ని, దాదా ఎక్కుతుంటే నోరెందుకు విప్పలేదు?

బిశు దాదా బతికాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ప్రతి ఆదివారం పళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ దాదా నన్ను కూర్చోమని, ముందు అదే అడుగుతాడు.

"రవికి కళ్ళు తిరగడం తగ్గిందా దీదీ?"

తగ్గింది దాదా, అంటాను.