అల్బినా కొట్టేసిన పదకొండు పేర్లు

అల్బినా పెర్కో ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. రోజూ ఆఖరి పిల్ల దిగిపోయాక ఇంజను ఆపి, వెనక వరస దాకా నడిచి, ఒక్కో సీటు కిందికీ వంగి చూస్తే గాని కాగితం మీద సంతకం పెట్టేది కాదు. పిల్లలెవరూ నిద్రపోయి బస్సులో ఉండిపోలేదని రాసిచ్చే కాగితం అది. మిగతా డ్రైవర్లు కూర్చున్నచోటే గీకేసి ఇంటిదారి పట్టేవారు. నడుం నొప్పి వచ్చిన ఏడాది కూడా ఆవిడ వంగడం మానలేదు. "చూడకుండా చూశానని ఎలా రాస్తాను?" అనేది.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం దక్షిణాన సాన్ ఇసిద్రో అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు ఆవిడది. భర్త పోయాక, ఊరికి దూరంగా మిరప పొలాల చివర ఒక్కతే ఉంటోంది. ఫోన్ చేస్తే షెరీఫ్ పోలీసుల కారు రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. భర్త తుపాకీ పడకగది బీరువాలో ఉంటుంది. ఆ చలికాలం శాసనసభలో తుపాకుల మీద చట్టం తేబోయి, ముందు ప్రజల మాట వింటామన్నారు. పదిహేను తూటాలకు మించి పట్టే మ్యాగజైన్, అంటే తుపాకీకి తగిలించే తూటాల పెట్టె, అమ్మకూడదు, తుపాకీ ఎవరికి ఇచ్చినా ముందు వాళ్ళ గతం ఆరా తీయించాలి. అల్బినా తెల్లవారే ట్రక్కు తీసి రాజధాని డెన్వర్ వెళ్ళి, మాట్లాడేవాళ్ళ జాబితాలో పేరు రాయించుకుంది. మనిషికి రెండు నిమిషాలన్నారు. సాయంత్రం దాకా చెక్కబల్ల మీద కూర్చుంది. ఆవిడ పేరు పిలవకముందే, అధ్యక్షత వహించిన ఆవిడ ఊరి సెనేటరే గడియారం చూసుకుని, "ఇక చాలు, ప్రజల మాట విన్నాం" అని లేచిపోయాడు.

చట్టం అయిపోయింది, ఆ సంగతి అలా ఉంచండి. ఆ "విన్నాం" దగ్గరే ఆవిడ కడుపు మండిపోయింది. వినలేదని చెప్పి వెళ్ళిపోయినా ఇంత కోపం వచ్చేది కాదు.

వేసవిలో ఆ సెనేటర్‌ని గడువుకి ముందే దింపాలని కొందరు రీకాల్ మొదలుపెట్టారు. తగినన్ని సంతకాలు వస్తే సెప్టెంబరులో మళ్ళీ ఎన్నిక జరుగుతుంది. సంతకాల పుస్తకం అందుకున్న మొదటివాళ్ళలో అల్బినా ఒకతె. ఆ పుస్తకం చివరి పేజీలో ఒక ప్రమాణం ఉంటుంది. ఇందులోని ప్రతి సంతకమూ నా కళ్ళముందే పడిందని, పుస్తకం తిప్పినవాళ్ళు నోటరీ ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

ఆవిడ తమ్ముడు లుడ్విక్ జుపాన్ అవతలి పక్షం, సెనేటర్ మనిషి. ఫ్యాక్టరీ యూనియన్‌లో తల పండినవాడు. ఊళ్ళో అందరూ లూయీ అంటారు. కార్మెలీటా హోటల్లో పచ్చిమిరప పులుసులో ముంచిన బర్గర్ తింటూ అక్కను నిలదీశాడు.

"నీ తుపాకీ ఎవడన్నా పట్టుకుపోయాడా అక్కా?"

"లేదు."

"మరెందుకే ఈ గోల?"

"నన్ను అడక్కుండానే అడిగామంటున్నారురా."

"బళ్ళల్లో పసిపిల్లల్ని కాల్చేస్తుంటే ఏదో ఒకటి చెయ్యొద్దా? ఇన్నేళ్ళు ఆ పిల్లల్ని మోసినదానివి. నీకు నేను చెప్పాలా?"

ఆ మాట ఆవిడకు సూటిగా తగిలింది. చెంచా పళ్ళెంలో పెట్టేసింది. "చెయ్యండి. నా ఎదురుగా నిలబడి, నా మాట విని చెయ్యండి. అప్పుడు కాదన్నా పడతాను."

"నీ మాట వినడానికి రెండు నిమిషాలేం సరిపోతాయే, రెండు రోజులు కావాలి," అన్నాడు లూయీ. కార్మెలీటా కౌంటరు వెనక నవ్వేసింది.

సంతకాలు అందించే గడువుకి ముందురోజు మధ్యాహ్నం ఆ హోటల్లోనే పొరపాటు జరిగింది. సామాన్ల వ్యానుకి అల్బినా ట్రక్కు అడ్డంగా ఉందన్నారు. పుస్తకం బల్ల మీదే వదిలి బండి తీయడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పదకొండు కొత్త పేర్లు పడి ఉన్నాయి. పెట్టినవాళ్ళలో సగం మంది తినేసి వెళ్ళిపోయారు.

రీకాల్ ఆఫీసులో డ్వేన్ అనే కుర్ర నిర్వాహకుడు నోటరీని కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సంగతి విని తేలిగ్గా తీసేశాడు.

"మనవాళ్ళే కదండీ. ప్రమాణం కింద సంతకం పెట్టేయండి, ఎవరు చూడొచ్చారు?"

"అదే చెప్తున్నా బాబూ. నేనూ చూడలేదు." అల్బినా అక్కడే కలం తీసి పదకొండు పేర్లూ అడ్డంగా కొట్టేసింది.

"మీరు ఎవరి వైపండీ అసలు?" అన్నాడు డ్వేన్ తల పట్టుకుని.

ఆవిడ పుస్తకం చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. ఆ సాయంత్రం పేర్ల పక్కనున్న చిరునామాలు చూసుకుని గడప గడపా ఎక్కింది. తొమ్మిదిమంది కింద ఖాళీ వరసల్లో మళ్ళీ సంతకం పెట్టారు, ఆవిడ కళ్ళు కలం మొన మీదే పెట్టి చూస్తుండగా. ఒకాయన ఊళ్ళో లేడు. పదకొండో పేరు లుడ్విక్ జుపాన్. ఎవడో తమాషాకి పెట్టాడని ఆ రాత చూడగానే అర్థమైంది. అయినా తమ్ముడి ఇంటికీ వెళ్ళింది. టమాటా మొక్కలకు నీళ్ళు పెడుతున్న లూయీ కళ్ళజోడు సవరించుకుని పేజీ చూసి పకపకా నవ్వాడు.

"భలే దొరికావే అక్కా. ఇప్పుడు నేను మావాళ్ళకి ఫోన్ చేశాననుకో, నీ పుస్తకం మొత్తం గోవిందా."

"చేసుకో. కొట్టేశాను, గీత కనబడటం లేదా? నీ పేరు ఎవరో వాడుకున్నారు, నీకు తెలియాలి కదా అని వచ్చాను. వచ్చాను గనక అడుగుతున్నా, పెడతావా?"

"చచ్చినా పెట్టను."

"సరే. ఆ మొక్కలకి నీళ్ళు ఎక్కువైపోతున్నాయి చూసుకో," అని ట్రక్కు ఎక్కింది.

మర్నాడు ఆవిడ నోటరీ ఎదుట ప్రమాణం చేసి పుస్తకం ఇచ్చేసింది. సెనేటర్ మనుషులు ఊరుకోలేదు. సంతకాలు చెల్లవని ఫిర్యాదు పెట్టారు. విచారణ రోజున వాళ్ళ లాయరు లూయీనే సాక్షిగా నిలబెట్టాడు. కొట్టేసిన పేరు చూపించి, ఇది మీ సంతకమేనా అని అడిగాడు. కాదన్నాడు లూయీ. లాయరు ముఖం వెలిగిపోయింది.

"అంటే మీ అక్కగారు దొంగ సంతకాలు..."

"ఆగండాగండి. ఆ గీత మీకు కనబడలేదా? కొట్టేసి, మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. నేను మీ మనిషినే, నా ఓటు మీకే. కానీ మా అక్క చూడకుండా సంతకం పెట్టిందని మాత్రం నా చేత అనిపించలేరు."

తరువాత అల్బినాను పిలిచారు. లాయరు అప్పటికే చిరాకులో ఉన్నాడు. "అవునో కాదో చెప్పండి చాలు. ఇందులో మిగిలిన ప్రతి సంతకమూ మీ కళ్ళముందే పడిందా?"

"పడింది."

"ఇక మీరు వెళ్ళొచ్చు."

ఆవిడ కదలలేదు. చేతి గడియారం విప్పి ఎదురుగా బల్ల మీద పెట్టింది. విచారణ అధికారి ఏమిటన్నట్టు చూశాడు.

"డెన్వర్‌లో నాకు రెండు నిమిషాలు ఇస్తామన్నారండీ. ఇవ్వలేదు. అవి ఇప్పుడు తీసుకుంటున్నాను."

లాయరు అభ్యంతరం చెప్పబోతే అధికారి చెయ్యెత్తి ఆపాడు. ఒంటరి ఇల్లు, నలభై నిమిషాలు, బస్సులో దించిన పిల్లలు, వాళ్ళ కోసం తనకూ ఉన్న భయం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పుస్తకం చెల్లడం, ఎన్నిక జరగడం, సెనేటర్ దిగిపోవడం తరువాతి సంగతులు. అక్కా తమ్ముళ్ళు ఒకే ట్రక్కులో వెళ్ళి చెరొక వైపూ ఓటు వేసి వచ్చారు. కానీ ఆ రోజు ఆ గదిలో ఆవిడ గడియారం చూసుకుని, ఇంకా పది సెకన్లు ఉండగానే ఆపేసింది.

"ఇప్పుడు విన్నామని రాసుకోండి," అని గడియారం చేతికి పెట్టుకుంది.