పాలబండి కోసం ఆగిన గేటు

నవంబరు ఇరవై, బుధవారం. మదనపల్లెకు అవతల ఒక చిన్న రైల్వే స్టేషను, ప్రయాణికుల విశ్రాంతి గది. హాజరైనవారు: రైల్వే భద్రతా కమిషనర్, ఆయన చెప్పింది టైపు చేసే ఉద్యోగి, రైల్వే అధికారులు ఇద్దరు, సస్పెన్షన్‌లో ఉన్న గేట్‌మ్యాన్, పాలబండి డ్రైవరు, డ్రైవరు ఊళ్లో పాలకేంద్రం నడిపే పెద్దమనిషి, నేను.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లినా ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి అలవాటు. హైస్కూలు టీచరుగా రిటైరై పుంగనూరులో ఉంటున్నాను. మోకాలి నొప్పికి ప్రతి గురువారం మదనపల్లె మీదుగా ఒక పల్లెలోని కట్టు వైద్యుడి దగ్గరికి వెళ్తాను. ఆ దారిలో రైలు గేటు ఉంది. అక్టోబరులో ఆ గేటు దగ్గర జరిగిన ప్రమాదాన్ని షేర్ ఆటోలో కూర్చుని చూశాను.

చూసింది ఇంతే. గేట్‌మ్యాన్ చక్రం తిప్పుతూ గేటు దించుతున్నాడు. రోడ్డు మలుపులో బండి హారన్ రెండుసార్లు మోగింది. అతను ఆగి, చక్రాన్ని వెనక్కి తిప్పాడు. సగం దిగిన గేటు మళ్లీ లేచింది. పాలబండి వేగంగా వచ్చింది కానీ పట్టాల మీద ఇంజను ఆగిపోయింది. డ్రైవరు దూకేశాడు. రైలు గట్టిగా బ్రేకులు వేసుకుంటూ వచ్చి బండి వెనక భాగాన్ని గుద్ది ఆగింది. క్యాన్లు దొర్లి, పాలు కంకర మీద పారాయి. రైలు తలుపు దగ్గర నిలబడిన ఒకావిడ కిందపడి తొడ ఎముక విరిగింది. విచారణ నాటికి ఆవిడ ఇంకా మంచం మీదే ఉంది.

రైల్లో ఉన్నవాళ్లకు అంత దెబ్బ తగిలితే భద్రతా కమిషనర్ వచ్చి విచారిస్తారని అంతకుముందు నాకు తెలియదు. పేపరులో చిన్న ప్రకటన వచ్చింది. ప్రమాదం గురించి తెలిసినవారు ఎవరైనా వచ్చి చెప్పవచ్చునని అందులో ఉంది. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద పనిచేయడు, విమానయాన శాఖ కింద ఉంటాడు. రైళ్ల సంగతికి విమానాల శాఖ ఏమిటా అనుకున్నాను. కాస్త ఆలోచిస్తే సబబే అనిపించింది. పరీక్ష రాసిన పిల్లవాడి చేతికే పేపరు దిద్దమని ఇవ్వం కదా.

లోపలికి పిలిచే ముందు ప్లాట్‌ఫాం బెంచీ మీద పాలకేంద్రం పెద్దమనిషి నా పక్కన చేరాడు. నా ఈడువాడే. అటు పోయినప్పుడల్లా పలకరించుకుంటాం.

“వచ్చినావా అయివారూ. మోకాలు నొస్తాందని ఇంట్లో పండుకోకుండా.”

“తెలిసినవాళ్లు రమ్మని పేపర్లో వేశారు కదా.”

“పేపర్లో పెండ్లి సంబంధాలు కూడా ఏస్తారు. పోతాండావా?”

వెనక నిలబడ్డ డ్రైవరు నవ్వాడు. పెద్దమనిషి గొంతు తగ్గించాడు. “ఆ హారన్ సంగతి మాత్రం ఎత్తొద్దప్పా. ఆ గేటు పిల్లోనిది కుప్పం. ఇద్దరు బిడ్డలుండారు. మా పాల కోసరం గేటు లేపినాడని తెలిస్తే ఉద్యోగం పీకేస్తారు.”

“మరి ఏమని చెప్తారు?”

“చక్రం పట్టేసిందని సెప్తాం. ఇనుముకు పెండ్లామా, బిడ్డలా? తప్పు దాని మీద ఏస్తే పాయె.”

గేట్‌మ్యాన్ కొంచెం దూరంలో, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మా మాటలు అతనికి వినిపిస్తూనే ఉన్నాయి. మావైపు చూడలేదు.

హారన్ సంగతి ఏమిటంటే, ఆ ఊరి పాలు పొద్దున్నే చల్లబరిచే కేంద్రానికి చేరాలి. గేటు పడితే బండి ఎండలో నిలవాలి. పాలు విరిగితే క్యాన్లకు క్యాన్లు వెనక్కి పంపేస్తారు. అందుకని డ్రైవరు మలుపులోనే రెండుసార్లు హారన్ కొడతాడు. గేట్‌మ్యాన్ బండి దాటేదాకా ఆగుతాడు. దాటాక డ్రైవరు బండి ఆపి గేటు గదిలో చెంబెడు పాలు పోసి పోతాడు. ఇది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

చక్రం పట్టేసిందంటే దానికి గ్రీజు పూసి వెళ్లిపోతారు. మలుపులో హారన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. నిజం చెబితే అతని కూడు పోతుందేమో. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఈ రెండే నా ముందున్నాయి.

కమిషనర్ తెలుగు మనవైపుది కాదు కానీ స్పష్టంగా ఉంది. “ఎవరిని శిక్షించాలన్నది ఇక్కడ నా పని కాదు. ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి, అది తెలుసుకోవడానికి వచ్చాను” అన్నాడు.

మొదట పెద్దమనిషి చక్రం కథ చెప్పాడు. కమిషనర్ అంతా విన్నాడు.

“పొద్దున ఆ చక్రం నేను తిప్పి చూశాను. తేలిగ్గానే తిరిగింది.”

“మీది సర్కారు చెయ్యి కదా సార్. భయంతో తిరిగి ఉంటాది.”

టైపు చేసే ఉద్యోగి తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. తర్వాత నన్ను పిలిచారు. చూసింది చూసినట్టు చెప్పాను.

“హారన్‌కు గేటు ఆగడం ఆ ఒక్క రోజేనా?”

“నేను పోయిన గురువారాల్లో చాలాసార్లు చూశాను.”

“ఎప్పుడూ ఇతనేనా?”

“కాదు. డ్యూటీలో ఎవరుంటే వాళ్లు. ముగ్గురూ అంతే.”

“ప్రతిఫలం ఏమైనా ఉందా?”

“చెంబెడు పాలు.”

ఒక అధికారి ఆ మాట రాసుకున్నాడు. ఊళ్లో ఆ చెంబుకు మర్యాద తప్ప వేరే అర్థం లేదు. కాగితం మీద అది లంచంలా కనిపిస్తుందని ఆ క్షణంలో అర్థమైంది. అదీ చెప్పాను. రాసుకున్నాడో లేదో తెలియదు.

ఆ తర్వాత గేట్‌మ్యాన్ వంతు. నియమం ప్రకారం, రైలును పంపే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు. గేట్‌మ్యాన్ గేటు మూసి, మూసినట్టుగా తన దగ్గరున్న రహస్య నంబరు ఒకటి చెప్పాలి. నంబరు అందాకే రైలు కదులుతుంది.

“గేటు తెరిచి ఉండగా నంబరు ఎలా ఇచ్చావు?”

“ముందే ఇస్తాం సార్. ఇచ్చినాక రైలు రావడానికి కొంచెం టైముంటాది. ఆ లోపల పాలబండి దాటేస్తాది. ఆ పొద్దు ఇంజను ఆగిపోయె.”

“చెంబు పాల కోసం ఇంత పని చేస్తారా?”

“పాల కోసరం కాదు సార్. మాయమ్మ కుప్పంలో ఆవును పెట్టుకుని పాలు పోసేది. ఇరిగిన పాలు ఎనక్కి వస్తే ఆ పూట ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలుసు.”

కమిషనర్ అధికారుల వైపు తిరిగాడు. ఈ గేటుకూ సిగ్నలుకూ లంకె లేదు. లంకె ఉంటే, గేటు పూర్తిగా పడేదాకా సిగ్నలు పచ్చబడదు, మనిషి మాట మీద ఆధారపడే పని ఉండదు. ఆ ఏర్పాటు చేయాలని నివేదికలో రాస్తానన్నాడు. అంతవరకూ, రేపటి నుంచే, ప్రతి రైలూ గేటు ముందు ఆగాలి. గేటు పడిందని పచ్చజెండా చూపితేనే కదలాలి.

గేట్‌మ్యాన్ లేచి నిలబడ్డాడు. “నా ఉద్యోగం సార్?”

“అది రైల్వే చేతిలో ఉంది. మూడు షిఫ్టుల్లోనూ ఇదే నడిచిందని మాత్రం నేను రాస్తాను. అలవాటంతా నీ ఒక్కడి నెత్తిన వేయడానికి వీలుండదు.”

బయటికి వచ్చాక పెద్దమనిషి చెప్పులు వేసుకుంటూ అన్నాడు, “బళ్లో పిల్లోల్ని పట్టిచ్చినట్టే పట్టిచ్చినావు అయివారూ.”

మరుసటి ఉదయం గురువారం. వైద్యుడి దగ్గరికి పోతూ గేటు దగ్గర ఆటో దిగాను. గేట్‌మ్యాన్ తన చాప, గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చాడు. తెల్లవారాక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. సస్పెన్షన్ ఎత్తేశారు. శిక్ష ఏదైనా ఉంటే తర్వాత. సోమవారం నుంచి పట్టాల మరమ్మతు గుంపులో పని. గేటు మాత్రం ఇక ఇవ్వరు.

మలుపులో హారన్ రెండుసార్లు మోగింది. కొత్త గేట్‌మ్యాన్ చక్రం తిప్పుతూనే ఉన్నాడు. రైలు వచ్చి గేటు ముందు ఆగి, జెండా చూసుకుని, మెల్లగా కదిలింది. అంతసేపూ పాలబండి ఎండలో నిలబడింది. ముందు సీట్లో ఉన్న పెద్దమనిషి దిగి, క్యాన్ల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నావైపు చూడలేదు.

గేటు లేచాక డ్రైవరు అలవాటు ప్రకారం అవతల బండి ఆపి, గేటు గది కిటికీలో ఉన్న చెంబు అందుకున్నాడు. కొత్తాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దప్పా. నిన్ననే విచారణ కాగితమెక్కింది ఆ చెంబు.”

డ్రైవరు చెంబు పట్టుకుని అట్లే నిలబడ్డాడు.

“నాకు పొయ్యి,” అన్నాడు పాత గేట్‌మ్యాన్. “నేనిప్పుడు ఈడ గేట్‌మ్యాన్ను కాను కదా.”

పట్టాలు నడిచి దాటి వచ్చిన పెద్దమనిషి బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. “నిండా పొయ్యిరా” అన్నాడు డ్రైవరుతో.

అతను పచ్చి పాలే నిలబడి తాగాడు. కొళాయి దగ్గర చెంబు కడిగి, అది తాను కుప్పం నుంచి తెచ్చుకున్నదేనని కొత్తాయనకు చెప్పి, చాపలో చుట్టి చంకలో పెట్టుకుని బస్సుకు నడిచాడు.