జుట్టు లేవని ఆదివారం

చలికాలం పొద్దున ఉన్ని స్వెటర్ తల మీదుగా లాగి తీస్తుంటే చిటపటమని సన్నని చప్పుడు వచ్చింది. ముంజేతి మీద నెరిసిన వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "ఏంది మామా, ఒక్కనివే నవ్వుకుంటున్నవు?" అంది కోడలు. ఏమని చెప్పను? ఆ చప్పుడు వింటే నాకు గ్రేస్ మేడం గుర్తొస్తుంది. ఆమె యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేది. ఆదివారాలు మా ఫిల్మ్‌నగర్ బస్తీ కమ్యూనిటీ హాలుకు వచ్చి మా పిల్లలకు సైన్సు మీద ఆశ పుట్టించింది. ఆమె గురించి ఏ పేపరూ ఒక్క ముక్క రాయలేదు. ఏ హీరోకు జలుబు చేసిందో మొదటి పేజీలో వేసేవాళ్లకు తీరిక ఎక్కడిది? అందుకే నేను రాస్తున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. చదవడం గోడల మీది సినిమా పోస్టర్ల దగ్గర నేర్చుకున్నాను, రాయడం పాత పేపర్లు చూసి. బతుకంతా షూటింగుల్లో ఎఫెక్ట్స్ పని చేశాను. మండుటెండలో వాన కురిపించడం, ఉక్కపోతలో హీరోయిన్ జుట్టు ఎగిరేలా గాలి వీయించడం నా పని. ఆ పని మానేశాక హాలు తాళాలు కమిటీవాళ్లు నా చేతిలో పెట్టారు. మేడం హాలు అడగడానికి వచ్చిన రోజు నేను ఆమెకు కుర్చీ కూడా వేయలేదు. అంతకుముందు వచ్చినవాళ్లను చూసి చూసి ఒళ్లు మండి ఉన్నాను. కార్లలో దిగుతారు, పిల్లల చేతిలో ఒక అరటిపండు పెట్టి ఫొటో తీసుకుంటారు, మళ్లీ ముఖం చూపించరు. "మీరు గూడ గంతే గదా మేడం! మా పిల్లలేమన్న జూనియర్ ఆర్టిస్టులా, మీరు పిలిస్తే వచ్చి నిలబడి ఫొటోలు దిగనీకి?" అని అడిగేశాను. ఆమెకు కోపం రాలేదు. సంచిలోంచి తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "క్లాసు అయ్యేదాకా ఇది మీ దగ్గరే ఉంచండి బాబాయ్ గారూ" అంది, బెజవాడ వైపు యాసలో. "మోగితే?" అన్నాను. "మా ఆయనైతే అన్నం పొయ్యి మీదే ఉందని చెప్పండి. వేరేవాళ్లైతే మోగనివ్వండి." నాకు నవ్వాగలేదు. తాళం తీశాను. అప్పటినుంచి హాల్లోకి ఎవరొచ్చినా ఫోను నా జేబులో పడాల్సిందే. అదే మా రూలు.

ఆమె పాఠం వినడానికి నేనూ వెనకాల కూర్చునేవాణ్ణి. మొదట కాపలాకని కూర్చున్నాను, తర్వాత అలవాటైంది. ఒకరోజు ఒక పిల్ల ఏదో అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "నాకు తెలియదమ్మా, కనుక్కుని వచ్చే వారం చెబుతాను" అంది. నేను ఉలిక్కిపడ్డాను. మా షూటింగుల్లో ఆ మాటన్న మనిషికి మర్నాడు పని ఉండదు. నీళ్ల ట్యాంకరు ఇంకా షేక్‌పేట దాటకపోయినా "వాన రెడీ సార్" అనాల్సిందే. ఇంత చదివిన మనిషి, నెలజీతం తీసుకునే మనిషి, పిల్లల ముందు తెలియదంటుందేమిటి అనుకున్నాను. మరుసటి వారం ఆమె జవాబు తెచ్చింది. చెప్పింది. అడిగిన సంగతే మర్చిపోయిన ఆ పిల్ల నోరు తెరిచింది.

ఇక అసలు ఆదివారం సంగతి. ఆమె సామాన్లు తెచ్చే యూనివర్సిటీ బండి, ఆమె ఆదివారాలు కొనసాగాలా ఆగిపోవాలా అన్నది తేల్చడానికి అక్కడినుంచి పెద్దసారు వచ్చాడు. తలుపు దగ్గర ఆయన ఫోను కూడా తీసుకున్నాను. ఆయన మేడం వైపు చూశాడు, మేడం తల వంచుకుని నవ్వింది. ఆ రోజు పొద్దుటినుంచి ముసురు. హాలు గోడలు చెమ్మగిల్లాయి. మేడం ఒక యంత్రం తెచ్చింది. నిలువు గొట్టం, లోపల తిరిగే రబ్బరు పట్టీ, పైన నున్నటి అల్యూమినియం గోళం. ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడి గోళం మీద చెయ్యి పెడితే, పట్టీ రాపిడికి పుట్టే కరెంటుతో జుట్టు ముళ్లపందిలా లేస్తుందని చెప్పింది. మా వెనక సందులో ఉండే శిరీష అనే తొమ్మిదో క్లాసు పిల్ల స్టూలెక్కింది. మేడం స్విచ్ వేసింది. పట్టీ గిర్రున తిరిగింది. ఒక్క వెంట్రుకా కదల్లేదు. "హీరోయిన్ రెడీ, ఎఫెక్టే లేదు!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. పెద్దసారు గడియారం చూసుకున్నాడు.

ఈ సారు ఇట్లాగే వెళ్లిపోతే వచ్చే ఆదివారం ఉండదు. మేడం దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "ఫికర్ చెయ్యకుండ్రి. స్టూల్ కింద చిన్న బ్లోయర్ దాస్త. జుట్టు గట్లనే లేస్తది. కెమెరాలనే తెల్వదు, గీ సారుకేం తెలుస్తది?" ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "కెమెరా అయితే పెట్టించేదాన్నే బాబాయ్ గారూ. ఇక్కడ పిల్లలున్నారు." తర్వాత అందరికీ వినబడేలా, "లేవలేదర్రా. ఎందుకు లేవలేదో చెప్పిన వాళ్లే ఈ రోజు నాకు టీచరు" అంది.

హాలంతా ఒకటే గోల. "ఓల్టేజ్ తక్కువున్నది, నలభై ఏండ్ల సంది చూస్తున్న" అని అందరికంటే గట్టిగా నేనే అన్నాను. "చూద్దాం" అని మేడం అదే బోర్డుకు బల్బు పెట్టింది. దేదీప్యమానంగా వెలిగింది. "తాత ఫెయిల్!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. నూనె రాసుకున్న జుట్టని ఒకరన్నారు. నూనె లేని పిల్లను ఎక్కించినా లేవలేదు. అప్పుడు శిరీష గోళాన్ని వేళ్లతో తడిమింది. వాళ్లమ్మ సెట్లలో హెయిర్‌డ్రెస్సర్. "మేడం, ముసురు పడితే మా అమ్మ విగ్గులు గూడ గిట్లనే చెమ్మగ అయితయి."

"అయితే?"

"తడి చేతుల్తోని స్విచ్ వెయ్యొద్దంటది గదా అమ్మ. తడిలకెల్లి కరెంటు పోతదని. గిండ్లకెల్లి గూడ పోతున్నదేమో... జుట్టు దాక వస్తలేదేమో."

మేడం ముఖం చూడాలి ఆ క్షణాన. "మరి ఏం చేద్దాం టీచర్ గారూ?" అంది. శిరీష అప్పటికే వానలో పరుగెత్తింది. వాళ్లమ్మ డ్రయ్యర్ తెచ్చి గోళాన్నీ గొట్టాన్నీ పట్టీనీ వేడిగాలితో ఆరబెట్టింది. నూనె లేని జుట్టు ఎవరిదని వెతుకుతుంటే ఒక గడుగ్గాయి, "సార్, మీది వట్టిగనే ఉన్నది గదా, జర రండ్రి!" అన్నాడు. పెద్దసారు కోటు విప్పి స్టూలెక్కాడు. నడినెత్తి మీద ఏమీ లేదు గానీ చెవుల పక్కన ఉన్న కాస్త జుట్టూ రెక్కల్లా విచ్చుకుంది. హాలు కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. "ఎవరైనా ఫొటో తీయండయ్యా!" అన్నాడు. ఫోన్లన్నీ నా జేబులో ఉన్నాయి. "క్లాస్ అయినంక, సార్" అన్నాను. వెళ్లేటప్పుడు ఆయన తన ఫోను తీసుకుంటూ మేడంతో, "ఆ అమ్మాయిలా మనవాళ్లలో ఎంతమంది ఆలోచిస్తారు? బండి ఆపను" అన్నాడు. ఆ ఆదివారానికి ఒక్క ఫొటో కూడా లేదు.

మేడం ఇప్పుడు విశాఖ వైపు యూనివర్సిటీలో ఉంది. శిరీష ఫిజిక్స్‌తో డిగ్రీ చదువుతోంది, ఆదివారం క్లాసు తనే చెబుతోంది. జూనియర్ ఆర్టిస్టుల బస్తీ అని మమ్మల్ని చిన్నచూపు చూసేవాళ్లు ఒకసారి వచ్చి వినండి. ఫోను మాత్రం నా చేతికివ్వాలి.

మొన్న ఒక చిన్నపిల్ల నన్ను అడిగింది: "తాతా, సినిమాల దేవలోకం చూపిస్తే పొగ కిందికెందుకు పారుతది? మా ఇంట్ల పొగ మీదికి పోతది గదా?" ఆ తెల్ల పొగను నా చేతులతో ఎన్ని సెట్లలో నేల మీద పరిచానో లెక్క లేదు. అది పైకెందుకు పోదో ఒక్కనాడూ నన్ను నేను అడగలేదు. ఒకప్పుడైతే ఏదో ఒకటి గట్టిగా చెప్పేసేవాణ్ణి. "తెల్వది బిడ్డా" అన్నాను. పాత స్నేహితుడికి ఫోన్ చేసి, ఆ పొగ వచ్చే డ్రై ఐస్ గడ్డ ఒకటి థర్మాకోల్ పెట్టెలో తెప్పించాను. శిరీష దాన్ని నీళ్లలో వేసింది. పొగ బల్ల అంచు దాటి మా కాళ్ల మీదికి దిగింది. ఆ పిల్లా నేనూ నేల మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, అది ఎటు పోతుందో చూస్తూ ఉండిపోయాం.